నడుముకు లేని హుక్కు

"దుబాయంటే అంతా ఇసుకే అన్నవ్. ఈ గుట్టలేంది మరి?" విజిట్ వీసా మీద నెలరోజులకు ఖతర్ వచ్చినా గంగామణికి ఇది దుబాయే.

"శుక్రవారం సెలవు గదా, గాలికి తీస్కచ్చిన. నడువు," నవ్వాడు భర్త లింబాద్రి.

గుట్ట అంచున బాట సన్నబడింది. రెండు పక్కలా దిగుడే. అడుగు వేయబోయిన లింబాద్రి ఆగి, నడుము తడుముకున్నాడు. ఆ చెయ్యి పైకెత్తి గాలిలో దేన్నో పట్టుకోబోయాడు. రెండో అడుగుకూ అంతే.

"ఏం దేవులాడుతున్నవ్?"

"హుక్కు..." అని నాలుక కరుచుకున్నాడు.

"స్టోర్ రూంల కూసునే డ్యూటీకి హుక్కెందుకు?"

లింబాద్రి తల గోక్కున్నాడు. "కాదే. బిల్డింగులకు బయట, నిలవడి పనిచేసేతందుకు పైపులు కట్టే పని. నడుము బెల్టు హుక్కు పైపుకు తగిలించకుంట అడుగెయ్యద్దు. నువ్వు భయపడ్తవని ఏడేండ్ల సంది..."

"ఎన్ని అంతస్తులు?"

"నలభై."

గంగామణి కిందికి చూసింది. తర్వాత చీర కొంగు తీసి, అతని బెల్టుకు రెండు ముళ్లేసి, గట్టిగా ఒకసారి లాగి చూసింది.

"హుక్కు తగిలించిన. ఇగ అబద్ధమాడకుంట నడువు."