సంఘపెద్ద గారి మంగళవారం

"పోయిన మంగళవారం మీరు తట్టు సోకిన పిల్లాడి పక్కన కూర్చున్నారు" అంది ఆరోగ్యశాఖ నర్సు మార్లూస్, తలుపు తీసిన ఎవర్ట్‌తో. "ఎన్నిసార్లు ఫోన్ చేసినా మీరు ఎత్తలేదు. అందుకే రావాల్సొచ్చింది."

ఎవర్ట్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. తట్టుకి భయపడి కాదు. వెనకాలే భార్య విల్లమైన్ నిలబడి ఉంది.

మా ఊళ్ళో కిటికీలకి పరదాలు వేయరు. మా ఇంట్లో దాచుకునేదేం లేదని ఊరికి చూపించుకోవాలి కదా. అలాంటి ఊళ్ళో ఆరోగ్యశాఖ కారు ఎవరింటి ముందైనా ఆగిందంటే, మిగతా ఇళ్ళన్నిటికీ ఆ పూటకి కాలక్షేపమే. అందుకని విల్లమైన్ నర్సుని గబగబా లోపలికి తీసుకుపోయి, వీధిలోకి కనపడని మూల కూర్చోబెట్టి, కాఫీ పోసి, డబ్బాలోంచి ఒకే ఒక్క బిస్కెట్టు ఇచ్చి మూత పెట్టేసింది. ఆ తర్వాత అడిగింది, ఎక్కడ కూర్చున్నాడని.

అది చెప్పకూడదంది నర్సు. ఎవరు ఎక్కడికి వెళ్ళారన్నది మూడో మనిషికి తెలియకూడదట, నిబంధన.

"నేను మూడో మనిషినా?" అంది విల్లమైన్. "మంగళవారం ఈయన బార్నెవెల్డ్ వెళ్ళాడు, కోళ్ళ దాణాకి. దాణా కొట్లో కూర్చోడానికి కుర్చీలుండవే?"

నర్సు కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చుంది. జ్వరమో దద్దుర్లో వస్తే వెంటనే కబురు చేయాలనీ, మూడు వారాలు జనంలోకి పోకూడదనీ, చర్చికి కూడా వద్దనీ కప్పుకే చెప్పింది.

చర్చికి వద్దంటే ఎలా? ఎవర్ట్ సంఘపెద్ద. దేవుడి మీద నమ్మకం చాలనివాడే సూది కోసం చెయ్యి చాపుతాడని పోయిన నెలే అందరి ముందూ లేచి నిలబడి చెప్పినవాడు. పిల్లలకి టీకాలు వేయించాడని రొట్టెల కొట్టు రూలోఫ్‌తో పలకడం మానేసినవాడు. తన కోళ్ళకి మాత్రం ఏ టీకా తప్పనివ్వడు. అదేమిటయ్యా అని అడిగితే, కోళ్ళకి ఆత్మ ఉండదుగా అంటాడు. తీరా తట్టు ఊరి మీద పడి, చర్చిలో తన వెనక బెంచీ మనిషే ఆస్పత్రి పాలయ్యేసరికి ఆయన ధైర్యం కాస్తా నీరుగారిపోయింది. ఎవరూ గుర్తుపట్టని పట్నం ఒకటి చూసుకుని, మంగళవారం టీకా కేంద్రానికి వెళ్ళి చెయ్యి చాపాడు. ఆ వచ్చిన పిల్లాడెవడో సరిగ్గా ఈయన పక్కనే కూర్చోవాలా?

"సంఘపెద్ద గారూ, మంగళవారం మీరెక్కడికి దయచేశారో సెలవిస్తారా?" అంది విల్లమైన్.

ఆవిడ 'మీరు' అందంటే ఆ ఇంట్లో పొయ్యి కూడా చల్లబడుతుంది. ఎవర్ట్ కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిల్లాడాడు. నిజం చెబుదామంటే, ఈవిడెవరి కూతురు? పోలియో రోజుల్లో గుమ్మంలోకి వచ్చిన డాక్టరు మొహాన తలుపు వేసిన మహానుభావుడి కూతురు. టీకా అని తెలిస్తే ఈ జన్మకి క్షమించదు. మరి ఏ తప్పు చేశానంటే క్షమిస్తుంది? దావీదు మహారాజంతటి వాడు ఆడదాని విషయంలో కాలు జారాడు, ఏడ్చి ఒప్పుకున్నాడు, క్షమాపణ దొరికింది. సూది వేయించుకుని క్షమాపణ పొందినవాడు బైబిల్లో ఎంత వెతికినా లేడు.

"ఒక ఆడమనిషి దగ్గరికి వెళ్ళాను" అన్నాడు ఎవర్ట్.

నర్సుకి బిస్కెట్టు గొంతులో అడ్డం పడింది. పాపం, ఆ పిల్లకి నిజం తెలుసు. తెలిసి చెప్పకూడదు. దగ్గుతూ అలాగే కూర్చుంది.

విల్లమైన్ కుర్చీలో కూలబడింది. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూసి ఎవర్ట్ జేబులో రుమాలు వెతుక్కున్నాడు. ఈవిడంటే ఆయనకి ప్రాణం, ఆ సంగతి ఊరందరికీ తెలుసు. పాపం చేసినా బాగుండేది, చేయని పాపం ఒప్పుకోవడం ఇంత కష్టమని తెలియదు.

"ముప్ఫయ్యేళ్ళు నీ కోళ్ళ కంపు భరించాను" అంది విల్లమైన్. "ఎవరది? పేరేంటి?"

అబద్ధం అలవాటు లేని మనిషికి పేరెక్కణ్ణుంచి పుడుతుంది? సూది వేసినావిడ తెల్లకోటు మీద చదివిన పేరొక్కటే నోటికొచ్చింది.

"ఫెన్నా."

"ఎలా ఉంటుంది?"

"పొడుగ్గా. ఎర్ర కళ్ళజోడు." ఇంకేమైనా చెబితే గానీ నమ్మదేమోనని, "ఎంతసేపూ వాళ్ళ పిల్లి గురించే మాట్లాడుతుంది" అని కూడా కలిపాడు.

విల్లమైన్ ఏడుపు ఠక్కున ఆగింది. మొగుడి ముఖంలోకి అదోలా చూసింది. నర్సు వైపు చూస్తే, నర్సు గోడ గడియారం మీదనుంచి చూపు తిప్పలేదు. విల్లమైన్ లేచింది, కిటికీలోంచి వీధి ఆ చివర నుంచి ఈ చివరిదాకా చూసుకుంది, వచ్చి మొగుడి పక్కన కూర్చుంది. చాలా మెల్లిగా అడిగింది.

"మూడు కాళ్ళ పిల్లేగా? ఆ కథ మొదలెట్టి, మనం అయ్యో అనేలోపు సూది దింపేస్తుంది. నాకు రెండో డోసు వచ్చే గురువారం. నీకెప్పుడు?"