తెరుచుకోని పేజీలు

భవానీపురంలో ఒక మేడ మీద గదిలో స్టెల్లాకు కాలు ఒకచోట నిలవడం లేదు.

పెళ్లయి ఇరవై రోజులు. భర్త ఫిన్నీతో కలిసి ఒప్పుకున్న మొదటి పని, కొండపల్లి బొమ్మల వెబ్‌సైటు.

ప్రతి బొమ్మ పెట్టెలోనూ ఒక కార్డు. దాని మీద ఆ బొమ్మ చేసినవారి పేజీ అడ్రసు. అందంగా ఉంటుందని ప్రెస్సువాళ్లు, పెళ్లికార్డుల్లో పేర్లు వేసినట్టు, అన్నీ క్యాపిటల్ లెటర్స్‌లో కొట్టేశారు.

పాత సర్వరుకు పెద్దక్షరాలైనా చిన్నక్షరాలైనా ఒకటే. మొన్న మారిన కొత్త సర్వరుకు కాదు. కార్డులో ఉన్నట్టు కొడితే పేజీ లేదంటోంది.

సాయంత్రం అయిదింటికి హైదరాబాద్ షోరూమ్‌వాళ్లు కార్డులన్నీ పరీక్షిస్తారు. ఒక్క పేజీ తెరుచుకోకపోయినా సరుకంతా వెనక్కే.

మూడింటికి ఒక పెద్దాయన మెట్లెక్కి వచ్చాడు. కొండపల్లి నుంచి బస్సులో వచ్చానని, పేజీలు రావడం లేదని చెప్పాడు.

"చిన్నక్షరాల్లో కొట్టండి బాబాయ్ గారూ, వస్తాయి," అంది స్టెల్లా, ఒక్కసారి చూసి మళ్లీ స్క్రీన్‌కేసి తిరుగుతూ.

"కొట్టి చూశానమ్మా, కొన్నే వస్తున్నాయి. అయినా బొమ్మ కొన్నాయనకి ఈ మాట ఎవరు చెబుతారు?"

ఆమె కీబోర్డు మీద కొడుతూనే ఉంది. ఆయనకు కుర్చీ చూపించాలనీ తోచలేదు. ఆయన నాలుగు మడతల కాగితం బల్ల మీద పెట్టి, బస్సు టైమైందని దిగిపోయాడు.

ఎలా కొట్టినా చిన్నక్షరాల అడ్రసుకే పంపమని స్టెల్లా ఒక రూలు రాసింది. సగం పేజీలు తెరుచుకున్నాయి. సగం గిరగిరా తిరుగుతూనే ఉన్నాయి. నాలుగున్నర.

ఫిన్నీ ఒకే కప్పుతో టీ తెచ్చాడు. ఇద్దరూ చెరి సగం తాగడం వాళ్లకింకా కొత్త సరదా. ఇవాళ ఆమె కప్పు వైపు చూడను కూడా లేదు. అతను పెద్దాయన వదిలిన కాగితం మడతలు విప్పాడు. బొమ్మలు చేసేవాళ్ల పేర్లు పదకొండు, అయిదింటి పక్కన గుర్తులు.

"ఇది చూడు స్టెల్లా. చిన్నక్షరాల్లో కొడితే ఈ అయిదూ వాటంతటవే పెద్దక్షరాలకి మారిపోతున్నాయని రాశాడాయన."

అంటే పాత సర్వరు నాటి రూలు ఒకటి లోపలే ఉండిపోయింది. కొత్త రూలు ఇటు పంపుతుంటే, అది అటు పంపుతోంది. స్టెల్లా ఆ పాత రూలును తీసేసింది.

ఒక్కొక్క పేరే చదువుతూ ఫిన్నీ టిక్కులు పెట్టాడు. కాగితంలోని పదకొండు పేజీలూ తెరుచుకున్నాయి.

సైటులో ఇంకొక పేజీ మిగిలింది. ఆయన రాయని పేరు, బసవయ్య.

స్టెల్లా కార్డు చూసి పెద్దక్షరాల్లోనే కొట్టింది. ఫోటోలో ఏనుగు అంబారీకి రంగు వేస్తూ, ఇందాక ఆమె నిలబెట్టే పంపేసిన పెద్దాయన నవ్వుతున్నాడు, దాని కింద ఒక్కటే వాక్యం, "ఈ పదకొండు మందికీ బొమ్మ చెక్కడం నేర్పినవారు."