సదయ్య పల్లిచేను

తలుగు తెంపుకున్న బర్రె పల్లిచేలోకి దూరింది.

"హో... హో... దీని నోట్లె మన్నువడ!" అంటూ మల్లక్క కట్టె పట్టుకొని పరుగెత్తింది.

ఆమె చేరేలోపే ఎవరో పెద్దమనిషి ఒడ్డు దిగి బర్రె మెడతాడు అందుకున్నాడు. మాసిన అంగీ, భుజాన తువ్వాల, చంకన చిన్న సంచి.

"ఎక్కడ కట్టెయ్యాలె చెల్లె?"

"గా తుమ్మచెట్టుకు కట్టు. అవునుగని, నువ్వెవలన్నా? చానసేపట్నుంచి ఒడ్డు మీద నిలవడి చూస్తున్నవ్. భూమి కొలవనీకె వచ్చినవా?"

ఓపెన్‌కాస్టు గని ఊరి దాకా జరిగి వచ్చినప్పటి నుంచి, కొత్త మనిషి కనబడితే చాలు, ఆ ఊళ్లో అందరికీ అదే అనుమానం.

ఆయన నవ్వాడు.

"నన్ను చూస్తె కొలిచేటోని లెక్క కొడ్తున్ననా? ఇటు దిక్కు పని ఉండి వచ్చిన. పనయిపోయింది. బస్సుకు ఇంకా టైముంది."

"అయితె ఊకె నిలవడుడెందుకు? కూసొని నాలుగు కాయలు తెంపరాదు."

ఆయన నిజంగానే కూర్చున్నాడు. సంచి పక్కన పెట్టి, పీకిన పల్లిచెట్టు ఒకటి తీసుకొని, మట్టి దులిపి కాయలు తెంపడం మొదలుపెట్టాడు.

మల్లక్కకు ప్రాణం లేచి వచ్చింది. పొద్దున లేచి కొట్టం ఊడ్చి, పాలు పిండి, వంకాయ మడులకు నీళ్లు కట్టి, ఒక్కతే చెట్లు పీకి కుప్ప వేసింది. కూలోళ్లంతా బసంత్‌నగర్‌లో పెళ్లికి పోయారు.

"పేరేందన్నా నీది?"

"ఆగయ్య అంటరు. మీ ఇంట్ల మొగోళ్లు లేరా, ఒక్కదానివే చేస్తున్నవు?"

"ఆయన పోయి ఏడాది దాటింది. కొడుకు నిన్న మందమర్రి పోయిండు, పోశంను దేవులాడనీకె."

"ఎందుకు?"

ఎందుకంటే, మల్లక్క భర్త ఊళ్లో సదయ్య, బొగ్గుబాయిలో పోశం. పనికి పిలుపు వచ్చింది అసలు పోశం అనే వేరే మనిషికి. ఆ పేరు చెప్పుకొని బాయి దిగింది సదయ్య. ఆ రోజుల్లో బాయిల మీద ఇలాంటి మారుపేర్ల వాళ్లు ఎందరో. సదయ్య సర్వీసులో ఉండగానే జబ్బు చేసి పోయాడు. ఆ నౌకరీ కొడుకు సంపత్‌కు రావాలి. కానీ బాయి కాగితాల్లో చనిపోయింది పోశం, సంపత్ తండ్రి సదయ్య. ఇద్దరూ ఒక్కరేనని ఒప్పుకోవాలంటే అసలు పోశం వచ్చి తన నోటితో చెప్పాలన్నారు ఆఫీసువాళ్లు.

ఇదంతా మల్లక్క కాయలు తెంపుతూనే చెప్పింది.

"వాడు వచ్చి చెప్తె మా సంపత్ బతుకు నిలవడుతది. ఎన్ని ఊర్లు తిరిగినా జాడ లేదు."

"వస్తె ఆయనకేమన్న అయితదా?"

"పేరు అమ్ముకున్నవని కేసు పెడ్తరట. గందుకే ఏ మూలకో దాక్కుండు పిరికోడు."

"అమ్ముకున్నడా?"

"ఏడ అమ్ముడన్నా! ఉత్తగనే ఇచ్చిండు. అప్పుడు నేను కడుపుతోని ఉన్న. ఇంట్ల గింజ లేదు. 'నేను ఒంటరోన్ని, ఏడన్న బతుకుత. నువ్వు దిగు సదన్నా' అన్నడట. మా ఆయన సచ్చేదాక పోశం దేవుడు, పోశం దేవుడు అన్నడు. దేవుడైతె పిలిస్తె పలుకడా?"

"దేవుళ్లు ఎన్నడన్న పిలువంగనే పలికిండ్రా చెల్లె?"

మల్లక్కకు నవ్వు ఆగలేదు.

ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ పేలింది. కాళ్ల కింద నేల అదిరింది. బర్రె చెవి కూడా కదపకుండా నెమరు వేస్తోంది.

ఆయన చేను చుట్టూ చూశాడు.

"ఇది మీ అత్తగారి భూమేనా?"

"మా అత్తకు గజం జాగ లేకుండె. బాయి జీతం కూడవెట్టి ఆయనే కొన్నడు. పండుగొచ్చినా పబ్బమొచ్చినా ఇక్కడ్నే ఉంటుండె. 'బాయిల మన్ను మనిషిని మింగుతది, గీ మన్ను మనిషికి పెడ్తది' అంటుండె."

"మంచిగ చేసిండు సదయ్య," అన్నాడాయన మెల్లగా.

మల్లక్క సద్ది మూట విప్పింది. జొన్నరొట్టె, వెల్లిపాయ కారం. వద్దు వద్దంటూనే ఆయన రెండు రొట్టెలు తిన్నాడు. నీళ్లు తాగి లేచాడు. కూలి ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. సంచిలో కాసిన్ని పల్లికాయలు పోస్తే మాత్రం కాదనలేదు.

"వస్త చెల్లె."

"మంచిది. తొవ్వల యాడన్న ఆ పోశం కనవడితె, మల్లక్క మస్తు తిట్టిందని చెప్పు."

"చెప్త," అని ఆయన ఒడ్డెక్కాడు.

పొద్దు వాలుతుండగా సంపత్ రొప్పుకుంటూ వచ్చాడు.

"అవ్వా! మన పనయింది. ఇగ నౌకరికి అడ్డం లేదన్నరు."

"పోశం దొరికిండా?"

"నాకు దొరకలే. ఆయనకే ఎట్లనో తెలిసి, పొద్దుగాల సీదా ఆఫీసుకు వచ్చిండట. 'పేరు నాది, చెమట సదయ్యది. శిక్ష ఉంటె నాకెయ్యుండ్రి' అన్నడట."

మల్లక్క రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

"నా నాలుకకు వాతలు వెట్టాలె, ఎన్ని మాటలంటి! ఏడి బిడ్డా? ఇంటికి తీస్కరాకపోతివి. కాళ్లు కడిగి ఇంత బువ్వ పెడ్దుము."

"ఆఫీసోళ్లు ఫోన్ చేసి చెప్పంగనే వచ్చి, దిగిన కాడ్నే బస్టాండంత దేవులాడిన, అప్పటికే బస్సెక్కి పోయిండు. బాపుకు పేరిచ్చిన నాడే, మళ్ల ఎవలకు అనుమానం రావద్దని ఊరిడిసి వేరే పేరు పెట్టుకున్నడట. గందుకే మనకు జాడ దొరకలే."

"ఒక్కసారన్న కండ్ల చూడకపోతిమి కొడుకా..."

సంపత్ వింతగా తల్లి ముఖంలోకి చూశాడు.

"నువ్వు చూడకపోవుడేందే? ఆఫీసుల పని కాంగనే, 'సదయ్య చేను యాడ ఉంటది' అని అడుక్కుంట ఆయన ఇటే వచ్చిండట గద!"