ముందు అచ్చయిన పేరు

పక్క బల్ల దగ్గర ముసలాయన దగ్గాడు.

ఆమె చేతిలో పెన్సిల్ జారింది. గీస్తున్న కందిరీగ బొమ్మలో రెక్క మీద అడ్డంగా గీత పడింది. పొద్దుట్నుంచి పడ్డ పాట్లన్నీ నీళ్లపాలయ్యాయి.

"తాతగారూ, కాస్త బయటికెళ్లి దగ్గొచ్చుగా!"

"దగ్గు చెప్పి రాదమ్మా. చెప్పి వచ్చేదైతే ఎదురెళ్లి గుమ్మంలోనే ఆపేసేవాణ్ని."

మ్యూజియంలో పురుగుల్ని దాచే గది అది. అడిగినవాళ్లెవరికైనా పాత పెట్టెలు తీసి చూపిస్తారు. ముసలాయన కొన్నాళ్లుగా వస్తున్నాడు. ఎవరో ఏమిటో ఎవరూ అడగలేదు. అటెండరు మాత్రం "దగ్గు మాస్టారు" అని పేరు పెట్టేశాడు.

ఆయన పెట్టెల్లోకి చూసేది తక్కువ. ఆమె బల్ల వైపు చూసేది ఎక్కువ.

"ఎందాకా వచ్చిందమ్మా?"

"వస్తోంది."

"ఒక్కసారి చూడనిస్తావా?"

"అచ్చయ్యాక అందరితోపాటు చూద్దురుగాని."

ఆమె భయం ఆమెది.

ఆ కందిరీగ ఆవగింజంత ఉంటుంది. ఈ రకంలో ఆడది బతికున్న గొంగళిపురుగు ఒంట్లో గుడ్డు పెడుతుంది. పుట్టిన పిల్ల ఆ పురుగుని లోపల్నుంచి తినేసి, తొలుచుకుని బయటికొస్తుంది. ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టని జాతి. ఏళ్ల తరబడి మూత తియ్యని సీసాలో ఒకే ఒక్కటి, అదీ మగది, ఆమె కంటపడింది.

దీని మీద వ్యాసం అచ్చయితే ఉద్యోగం ఖాయం. కాకపోతే నెలాఖరుకి ఇంటిదారి.

సరిగ్గా అప్పుడే ఆ వ్యాసం వెయ్యబోయే పత్రిక సంపాదకురాలు ఫోన్ చేసి పిడుగులాంటి కబురు చెప్పింది.

"చెప్పకూడదు గానీ, ఇదే జాతి మీద ఇంకొకరు కూడా రాస్తున్నారు. త్వరపడండి."

"ఎవరండీ?"

"పేరు మాత్రం అడగొద్దు."

ఈ పనిలో రెండో బహుమతి ఉండదు. ముందు అచ్చయిన పేరే పేరు. ఆ తర్వాత ఎంత గొప్పగా రాసినా చెత్తబుట్టకే.

త్వరపడటం ఎలా? ఒంటి మీద ఒక్కో వెంట్రుకా చూసి గియ్యాలి. తొందరపడితే తప్పొస్తుంది. నిదానిస్తే అవతలివాడు అచ్చేసుకుంటాడు. ముందుకీ వెనక్కీ దారిలేక ఆమె నలిగిపోతోంది.

"ఇంకా ఆ ఈగేనా?" అని ఫోన్లో అమ్మ.

"ఈగ కాదమ్మా, కందిరీగ."

"ఏదో ఒకటి. కుట్టిందా?"

"కుడుతూనే ఉంది."

ఒకరోజు మధ్యాహ్నం ఆమె భోంచేసి వచ్చేసరికి ముసలాయన తన బల్ల దగ్గర లేడు.

ఆమె మైక్రోస్కోపు మీద వంగి ఉన్నాడు.

ఇన్నాళ్ల చూపులకీ అర్థం ఆమెకి ఒక్కసారిగా తెలిసిపోయింది.

"ఎవరు పంపారు మిమ్మల్ని?"

ఆయన ఉలిక్కిపడి లేచాడు. కళ్లు తడిగా ఉన్నాయి.

"ఎవరూ పంపలేదమ్మా. ఒక్కసారి చూశాను. చాలు."

"చూసి ఎవరికి చేరవేస్తున్నారు? ఆ రెండోవాడు మీకేమవుతాడు?"

ఆయన ఏదో చెప్పబోయాడు. దగ్గు తెర ముంచుకొచ్చింది. అది తగ్గేలోపే ఆమె పెద్దసారు గదిలో ఉంది.

పెద్దసారు అంటే మ్యూజియం డైరెక్టరు. ఆయన వచ్చాడు. తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడంతే.

ముసలాయన సంచీ భుజాన వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"కంగారుపడకు తల్లీ. నిదానంగానే గియ్యి."

ఆమెకి ఒళ్లు మండింది. నిదానించాలట! ఎంత తెలివి!

ఆ కోపంతోనే రాత్రనక పగలనక కూర్చుని పూర్తిచేసింది. కందిరీగకి పెద్దసారు పేరే పెట్టింది. ఉద్యోగం ఇచ్చేది ఆయనే కదా.

వ్యాసం అచ్చయింది. ఉద్యోగం వచ్చింది. అభినందించడానికి సంపాదకురాలే ఫోన్ చేసింది.

"మరి ఆ రెండో మనిషి సంగతేమిటండీ? వెనకబడిపోయాడా?" ఆమె నవ్వు దాచుకోలేకపోయింది.

"వెనకబడటమేమిటమ్మా? ఆయనది మీకంటే ముందే అచ్చుకి సిద్ధమైంది. దీని మీదే మీ ఉద్యోగం ఆధారపడి ఉందని మాటవరసకి అన్నాను. ఆ రోజే వెనక్కి తీసేసుకున్నారు."

ఆమె నవ్వు ఆగిపోయింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"వద్దన్నారు. తెలిస్తే మీరు మొహమాటపడతారట. ఇప్పుడాయన లేరు కాబట్టి చెబుతున్నాను. పోయినవారమే పోయారు."



"కందిరీగకి ఆయన పేరు పెడదామండీ. ఎలాగోలా మార్చండి."

"అచ్చయిన పేరు మార్చడం నా చేతుల్లో లేదు. మీ చేతుల్లో అసలే లేదు. మీకు తెలియనిదా?"

తెలుసు.

"ఒక్కసారి ఆయన్ని కలిసుంటే... చేతులెత్తి దండం పెట్టేదాన్ని."



"కలవకపోవడమేమిటమ్మా? ఆయనకి దొరికింది ఆడదొక్కటే, మగది ఎలా ఉంటుందో పోయేలోపు కళ్లారా చూడాలని రోజూ వచ్చి మీ పక్క బల్ల దగ్గరే కూర్చునేవారు కదా!"