గోడమీద పచ్చడిబండ

“మనమే ఇల్లు మారిపోదాం దుర్గా! ఎన్నాళ్లీ గొడవ?” మళ్లీ అదే మాట అన్నాడు ఏడుకొండలు.

“మనమెందుకండీ మారడం? ఆ ముసలోడే పోవాలి. పోయేదాకా ఊరుకోను!”

వెంకటదుర్గ పచ్చడిబండ అందుకుని పడగ్గది గోడని దబదబా బాదింది.

అవతల గిటారు ఇంకాస్త హుషారందుకుంది.

“చూశారా పొగరు! నేను కొట్టేకొద్దీ రెచ్చిపోతాడు.”

ఆమెది కువైట్ ఆసుపత్రిలో నర్సుగా నైట్ డ్యూటీ. పగలు నిద్ర లేక మొన్న ఒకరి ఇంజెక్షన్ ఇంకొకరికి పొడవబోయింది. మళ్లీ అలా జరిగితే ఉద్యోగం, ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా రెండూ ఖలాస్.

పక్క ఫ్లాట్ అమెరికా ముసలాయనకి ఇదేం పట్టదు. బెల్లు కొడితే తలుపు తీయడు. లిఫ్టు దగ్గర నిలదీస్తే నవ్వుతాడు.

“ఆ నవ్వు ఏడుపయ్యేదాకా వదల్ను అత్తయ్యా!”

“బండ గోడకే సరిపోతందమ్మా. మేం మిక్సీ పచ్చడే తింటన్నాం,” అంది సత్యనారాయణమ్మ.

దుర్గ బిల్డింగ్‌లో వాళ్లందరినీ కూడగట్టుకుని ఓనరు మీద పడింది. నెలాఖరుకల్లా ముసలాయన సామాను కిందికి దిగింది.

వాడి ఓడిపోయిన మొహం చూడాలని, పచ్చడిబండ చేత్తో పట్టుకుని మరీ లిఫ్టు దగ్గర నిలబడింది దుర్గ.

ఆయన బండకేసి చూశాడు. ఆమెకేసి చూశాడు. కళ్లనిండా నీళ్లతో రెండు చేతులూ జోడించి, సంచీలోంచి ఒక సీడీ తీసి ఇచ్చాడు.

పోతూ కూడా వెక్కిరింపే, అనుకుంది.

శుక్రవారం అందరూ సముద్రం ఒడ్డుకి బయల్దేరినప్పుడు, కూతురు దేవిక కార్లో ఆ సీడీ పెట్టింది. అన్నీ ఆయన బతుకు మీద ఇంగ్లీషు పాటలే.

“ఇరాక్‌కి మిలిటరీ ట్రక్కు తోలేవాడంట నానమ్మా. భార్య పోయిందంట.”

“వాడి ఏడుపు మనకెందుకే? ఆపు,” అంది దుర్గ.

ఈలోగా ఆఖరి పాట మొదలైంది. గిటారు వెనక దబ్, దబ్‌మని ఒక చప్పుడు.

“అమ్మా, ఇది నువ్వే!”

దేవిక వింటూ, ఆగి ఆగి చెప్పింది.

“దారిలో బాంబు పేలి రెండు చెవులూ పోయాయంట. ఒంటికైనా అదురు తెలుస్తదని గిటారు గోడకానించి వాయించుకునేవాడంట. ఓ రోజు ఆ గోడే పాటకి తాళం వేసిందంట. ‘అవతల ఎవరో తెలీదు. చెవులు పోయాక నాతో కలిసి వాయించింది ఆ ఒక్కరే’ అంటన్నాడమ్మా.”

పాట అయిపోయింది.

దారిలో ఫింటాస్ ఊరు దాటాక దుర్గ నెమ్మదిగా అంది.

“ఏవండీ, ఇల్లు చూడండి. మారిపోదాం. ఆ గోడ పక్కన నాకింక నిద్ర పట్టదు.”