క్యూ అక్షరం మీద మీసం

పోలేరయ్య తన మీసం పందెం కాశాడన్న సంగతి ముత్తుకూరు బజారంతా పాకడానికి పట్టుమని పది నిమిషాలు కూడా పట్టలేదు.

అది అట్టాంటిట్టాంటి మీసమా! మనిషి కంటే ముందు మీసమే వీధి మలుపు తిరిగేది. పోలేరయ్య ఉప్పు ఆఫీసులో గుమాస్తాగిరీ వెలగబెడుతున్నా, ఊళ్లో ఏ నాటకం ఆడినా రాజు వెనకాల బల్లెం పట్టుకునే వేషం అతనిదే. ఆ మీసానికి ఆ వేషం రాసిపెట్టినట్టుండేది.

యాభై తొమ్మిదో సంవత్సరం అది. వారపత్రికల్లో పదాల పోటీలు వచ్చి జనానికి పిచ్చెక్కించాయి. ఆ పిచ్చి దరియావలి దర్జీ కొట్టుకూ ఎక్కింది. ఆట చాలా తేలిక. ఒకడు రెండు ఇంగ్లీషు అక్షరాలు ఇస్తాడు. ఆ రెండూ ఉన్న మాట రెండోవాడు చెప్పాలి. రెండు నిమిషాల్లో చెప్పలేకపోతే తప్పినట్టు.

ఇంటర్ చదివిన పోలేరయ్య పోయి పోయి థర్డ్ ఫారం తప్పిన దరియావలితో పందెం కట్టాడు. తను గెలిస్తే దరియావలి ఊరికే కోటు కుట్టిపెట్టాలి. ఓడితే తన మీసం తీసేయాలి.

"నాతో ఏందన్నా నీకు పందెం? నాకొచ్చిందే నాలుగు ఇంగ్లీషు ముక్కలు, అవీ కాలరు, కఫ్ఫు!" అని దరియావలి మొత్తుకున్నాడు.

"ఇదో, నా డిక్షనరీ. పది రోజులు నీ దగ్గరే పెట్టుకో. బట్టీ పట్టు, నమిలి మింగు, ఏమన్నా చేసుకో. అయినా నా మీసంలో ఒక్క వెంట్రుక కదల్దు" అన్నాడు పోలేరయ్య. ఎంత పొగరో చూశారా!

ఇంట్లో నాయన ముత్యాలయ్య అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"తండ్రి పోయినోడు తీసేదిరా మీసం! నేనింకా గుండ్రాయిలా ఉన్నా కదరా! నన్ను ఇప్పుడే పాడెక్కించు, పీడా పోతుంది!"

నిరుడు వేసవిలో ఉక్కపోస్తోందని పోలేరయ్య కొసలు కాస్త కత్తిరించుకుంటేనే ముసలాయన రెండు పూటలు కంచం ముట్టలేదు.

"పదిమందిలో మాటిచ్చినాను నాయనా. వెనక్కి తీసుకోమంటే తీసుకుంటా" అన్నాడు పోలేరయ్య తల వంచుకుని.

మాట తప్పడమన్నది తమ వంశంలోనే లేదని ఊరంతా చెప్పుకుతిరిగే మనిషి ముత్యాలయ్య.

"అయితే గెలిచి చావు!" అని కండువా దులిపి లేచిపోయాడు.

ఆ పది రోజులూ పోలేరయ్య కుదురుగా లేడు. ఆఫీసు వదలగానే దర్జీ కొట్టుకు పోయేవాడు. దరియావలి ఎంతదాకా చదివాడో ఆరా తీసేవాడు. డిక్షనరీ మీద కత్తెరా సుద్దముక్కా పెట్టి దరియావలి మిషను తొక్కుకుంటుంటే అతనికి ఒళ్లు మండిపోయేది.

"ఇంకా సి దాటలేదా నువ్వు? నీలాంటోడితోనా నేను పందెం కట్టింది, ఖర్మ!" అని తిట్టిపోసి ఇంటికొచ్చేవాడు.

ఆదివారం పొద్దున కొట్టు ముందు తిరణాల మాదిరి జనం. న్యాయం చెప్పడానికి హైస్కూలు ఇంగ్లీషు మేస్టారు పద్మనాభయ్య గారు గడియారం పట్టుకుని కూర్చున్నారు. ఊళ్లో నాటకాలు ఆడించేదీ ఆయనే. ముత్యాలయ్య ఎదురు అరుగు మీద చేరి గుర్తొచ్చిన దేవుడికల్లా దణ్ణం పెట్టుకుంటున్నాడు.

నాలుగు విడతలు ఇద్దరూ ఎట్టాగో గట్టెక్కారు. అయిదోసారి దరియావలి గొంతు సవరించుకుని, "క్యూ, వై" అన్నాడు.

పోలేరయ్య నోరు తెరిచాడు. మూశాడు. మీసం కొస పట్టుకుని మెలేశాడు. రెండు నిమిషాలూ అయిపోయాయి.

"ఎంక్వయిరీ అయ్యా, ఎంక్వయిరీ! మీ ఆఫీసులో పొద్దున లేస్తే రాసేది అదేగా!" అని మేస్టారు నెత్తి కొట్టుకున్నారు.

అయినా ఆశ ఉంది. దరియావలి కూడా తప్పితే లెక్క సమం, ఆట మళ్లీ మొదటికొస్తుంది.

"జే, క్యూ" అన్నాడు పోలేరయ్య.

జనం ఘొల్లుమన్నారు. "ఆ రెండూ ఉన్న మాట దొరలకే తెలీదబ్బా!" అన్నారెవరో. ముత్యాలయ్య మొహం వెలిగిపోయింది.

దరియావలి పైకి చూశాడు, కిందికి చూశాడు. నిమిషం గడిచింది. ఒకటిన్నర గడిచింది. పోలేరయ్యకు చెమటలు ధారకట్టాయి. గాభరాగా చేతికందిన గుడ్డ లాగి మొహం తుడుచుకున్నాడు. అది ఎవరో పెళ్లికూతురి రవికెకని ఇచ్చిపోయిన పట్టు గుడ్డ.

"నీకేమన్నా తిక్కా అన్నా! అసలు సిసలు జకార్డు నేత అది, చెమట తుడుస్తావేంది..." అని అరిచిన దరియావలి నోరు అట్టానే తెరుచుకుని ఉండిపోయింది. "జకార్డు! మేస్టారూ, జకార్డు!"

మేస్టారు డిక్షనరీ తిరగేశారు. జే ఉంది. క్యూ ఉంది. ఆ మాట కింద పెన్సిలు గీత కూడా ఉంది.

దరియావలికి గెలిచిన సంతోషమే లేదు. "పోనీలే అన్నా, నీ మీసం నేనేం చేసుకుంటా? నేను చెప్పలేదనుకుందాం" అన్నాడు కళ్లనీళ్లు పెట్టుకుని.

"నోర్ముయ్! పందెమంటే పందెమే!" అని గద్దించాడు పోలేరయ్య.

అందరూ ముత్యాలయ్య వైపు తిరిగారు.

"మాటిచ్చినావు కదరా... గొరిగించుకో" అని కండువా మొహానికి కప్పుకున్నాడు.

అరగంటలో మీసం నేలరాలింది. చూసినవాళ్లంతా అయ్యో పాపం అన్నారు. పోలేరయ్య మూతికి తువ్వాలు చుట్టుకుని, మేస్టారి వెనకాలే వాళ్లింటికి పోయాడు.

లోపలికి అడుగుపెట్టగానే తువ్వాలు లాగేసి, నున్నటి మూతిని అటూ ఇటూ తిప్పి చూపిస్తూ, "నాయన నోటితోనే తీయించుకోమనిపించినా మేస్టారూ, ఇంక ఈసారి నాటకంలో రాణి వేషం నాదే!" అన్నాడు.