జ్యూరీ చూసిన సినిమా

హాల్లో దీపాలు ఒక్కసారిగా వెలిగేసరికి డాన్ ఫెర్మిన్ ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. తెరవగానే చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు. చప్పట్లు కొట్టేవాణ్ణి పట్టుకుని నిద్రపోయావని ఎవరూ అనలేరు కదా.

అటుపక్క నుంచీ ఇటుపక్క నుంచీ కూడా చప్పట్లు వినిపించాయి. ఎడమవైపు బార్సిలోనా నుంచి వచ్చిన విమర్శకురాలు నూరియా, కుడివైపు ఊళ్ళో మందుల షాపు నడిపే బల్తసార్. ఈ ఏడాది చిత్రోత్సవానికి జ్యూరీ ఈ ముగ్గురే, హాల్లో ఉన్నదీ ఈ ముగ్గురే. అధ్యక్షుడు ఫెర్మిన్, ఊరంతా పేరుకి ముందు గౌరవంగా 'డాన్' తగిలించి పిలిచే పెద్దమనిషి. పోయినేడు సినిమా నడుస్తుండగా ఆయన గురక ఆఖరి వరసదాకా వినబడింది. "ఇంకొక్కసారి కునుకు తీశారంటే ఆ కుర్చీ నూరియాకిచ్చేస్తాను," అని మేయరమ్మ మొహం మీదే చెప్పేసింది.

ఆయన మాత్రం ఏం చేస్తాడు పాపం. మూడున్నరదాకా శనగల పులుసూ, కాల్చిన గొర్రెపిల్లా, సీసాల కొద్దీ రెడ్ వైనూ పెట్టి, నాలుగింటికి చీకటి హాల్లో కూర్చోబెడితే స్పెయిన్‌లో పుట్టినవాడెవడు కళ్ళు తెరుచుకుని ఉంటాడు? పైగా అది ఏది కలో ఏది నిజమో తెలియనివ్వని మానసిక థ్రిల్లరట. ఆయనకి కలేమిటో బాగా తెలుసు. సినిమాయే ఒక్క ముక్కా తెలియదు.

"ఎలా ఉంది, డాన్ ఫెర్మిన్?" అని అడిగింది నూరియా. ఆమె చెంప మీద కుర్చీ అంచు ముద్ర ఎర్రగా పడి ఉంది. అదెందుకు పడిందో ఆలోచించే తీరిక ఆయనకి లేదు.

"నువ్వు చెప్పమ్మాయ్. చిన్నవాళ్ళు ముందు."

"అధ్యక్షులుండగా నేనా? పోనీ, మీకు బాగా నచ్చిన సీను ఒక్కటి చెప్పండి చాలు."

ఫెర్మిన్ బుర్రలో ఉన్నది ఇందాకటి కల ఒక్కటే. వేరే దారిలేక దాన్నే బయటికి తీశాడు.

"వంటింట్లోకి తెల్ల కంచరగాడిద వస్తుంది చూడు, దాని మీద ముసలమ్మ కూర్చుని ఉప్పు అడుగుతుంది. అక్కడ నాకు ఒళ్ళు జలదరించిందనుకో."

అనేశాక, కుర్చీ పోయినట్టే అనుకున్నాడు. నూరియా రెండు క్షణాలు ఆయన వంక చూసి, నెమ్మదిగా తల ఊపింది.

"అవును, సినిమాకి ప్రాణమే ఆ కంచరగాడిద. నాకైతే తర్వాత రైలు సీను ఇంకా నచ్చింది. ఇల్లు ఇల్లంతా రైలెక్కి వెళ్ళిపోతుందే, అది."

రైలు కూడా ఉందన్నమాట. ఫెర్మిన్‌కి ప్రాణం లేచొచ్చింది. "రైలు అద్భుతం," అన్నాడు.

"నా మందుల షాపు ముందు ఊరంతా గుడ్డల్లేకుండా వరసలో నిలబడ్డదీ బాగుంది," అన్నాడు బల్తసార్. అని నాలిక కరుచుకున్నాడు. "అంటే, నా షాపులాంటి షాపు."

"అవునవును, ఆ షాపు," అన్నారు మిగతా ఇద్దరూ ఒక్కసారే.

అంతలో చప్పట్లు విని మేయరమ్మా, దర్శకుడు కిరోగా లోపలికొచ్చారు. కిరోగా మెడలో జూన్ ఎండల్లో కూడా మఫ్లరుంది. తన సినిమాని పక్కవాళ్ళతో కూర్చుని చూడలేడట పెద్దమనిషి. అందుకే ఇంతసేపూ ఎదురుగా ఉన్న బారులో కాఫీ తాగుతూ గోళ్ళు కొరుక్కున్నాడు.

"కిరోగా, ఆ కంచరగాడిద దేనికి సంకేతం?" అని నిలదీశాడు ఫెర్మిన్, మేయరమ్మకి వినబడేలా.

కిరోగా నోరు తెరిచాడు. జ్యూరీ ముగ్గురి మొహాలూ చూశాడు. బల్ల మీదున్న బహుమతిని, బంగారు ద్రాక్షగుత్తిని చూశాడు. మఫ్లరు సర్దుకున్నాడు.

"దాన్ని చాలా లోతుగా దాచాను సార్. చూపున్నవాళ్ళకే దొరుకుతుంది. ఇన్నాళ్ళకి మీకు దొరికింది," అన్నాడు. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడు, అవి ఎక్కణ్ణుంచి తెచ్చాడో.

"మరి రైలు?" అంది నూరియా.

"అదీ లోతుగానే ఉందండీ."

ఇంకేం కావాలి? ఫెర్మిన్ కాగితం తీసి తీర్పు రాసిపారేశాడు. కలకీ నిజానికీ మధ్య గోడ కూల్చిన ఈ చిత్రాన్ని జ్యూరీ రెప్ప వేయకుండా చూసి ఏకగ్రీవంగా ఎంపిక చేసిందని రాసి సంతకం గీకాడు. మిగతా ఇద్దరూ గీకారు. మేయరమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివి, ఆయన చెయ్యి పట్టుకుని ఊపింది.

"మిమ్మల్ని అనుమానించినందుకు నాకే సిగ్గుగా ఉంది. వచ్చే ఏడూ ఈ కుర్చీ మీదే."

"ఇందులో కూర్చున్నవాడికి నిద్రెక్కడిదమ్మా," అన్నాడు ఫెర్మిన్, పొట్ట నిమురుకుంటూ.

అప్పుడు ప్రొజెక్టరు నడిపే బెనీతా పైనుంచి మెట్లు దిగొచ్చి, అందరి ముందూ చేతులు కట్టుకుని నిలబడింది.

"దీపాలేసి లేపినందుకు ఏమీ అనుకోకండి, డాన్ ఫెర్మిన్. మాద్రిద్ నుంచి రావాల్సిన కోడ్ ఇప్పుడే వచ్చింది, అది లేందే సినిమా తెరుచుకోదు. మీరు ముగ్గురూ భోజనం చేసొచ్చి హాయిగా పడుకున్నారు కదా, లేపడం పాపమని అందాకా దీపాలార్పేశాను. ఇక మొదలెట్టమంటారా సినిమా?"